గీత జరిగిన ఊరు, మనుషులు జరిగే వాడ

1956 నవంబరు 1న బీదర్ జిల్లా ఔరాద్‌లో ఒక్క గడప కూడా జరగలేదు. అమరేశ్వరుడి గుడి ఉన్నచోటే ఉంది, మాంజ్రా నది పాత దారిలోనే పారింది, రాష్ట్రం మాత్రం మారిపోయింది. ముందురోజు దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లాగా ఉన్న బీదర్ తెల్లారేసరికి మూడు ముక్కలైంది. ఉద్గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి పోయాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్ జిల్లాలో కలిశాయి. బీదర్, భాల్కి, హుమ్నాబాద్‌లతో పాటు ఔరాద్ మైసూరు రాష్ట్రం (ఇప్పటి కర్ణాటక) వంతుకు వచ్చింది. అంతకు ఏడాది ముందు ఫజల్ అలీ కమిషన్ చెప్పింది వేరు. తెలంగాణ జిల్లాలను, వాటితో పాటు బీదర్ జిల్లానూ కలిపి హైదరాబాద్ రాష్ట్రంగానే ఉంచమని ఆ కమిషన్ సిఫారసు చేసింది. అప్పటి బీదర్ జిల్లాలో మరాఠీ, కన్నడం, తెలుగు, ఉర్దూ నాలుగూ ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ జనంలో సగం మందికి ఇంటి భాష కాదు. భాషను బట్టి గీత గీయాలనుకున్నవాళ్లకు అలాంటి జిల్లా పెద్ద చిక్కే. ఆ చిక్కును తాలూకాల లెక్కన విప్పారు. దాంతో ఔరాద్ తాలూకా తెలుగువాళ్లు ఉన్న ఇంట్లోనే ఉండి, ఉన్న పొలమే దున్నుకుంటూ, ఒక్క రాత్రిలో వేరే రాష్ట్రంలో అల్పసంఖ్యాకులయ్యారు. అయినా వాళ్ల ఊరు వాళ్లకు మిగిలింది. ఇంట్లో తెలుగు, అంగట్లో మరాఠీ, పాత దస్తావేజుల్లో ఉర్దూ, కచేరీలో కన్నడం అనే బతుకు ఏడు దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. గీత జరిగినా మనుషులు జరగలేదు కాబట్టే అది సాధ్యమైంది.

నగరాల్లో పాత వాడలను పడగొట్టి కొత్తగా కట్టే రాజకీయాన్ని ఔరాద్‌లాంటి చోట నిలబడి చూడాలని నాకు అనిపించడానికి కారణం ఇదే. నగరంలో గీత జరగదు. వార్డు అదే, పటంలో పేరు అదే, పిన్‌కోడ్ కూడా అదే. జరిగేది మనుషులు. చోటు గురించి, గుర్తింపు గురించి మనం పేరు దగ్గర, భాష దగ్గర ఆగిపోతాం. ఊరిపేరు మారిస్తే ధర్నాకు దిగుతాం, పేరు ఉండనిచ్చి మనుషులను ఖాళీ చేయిస్తే అభివృద్ధి అనుకుంటాం. ఒక వాడ అక్కడి వాళ్లకు వాడగా మిగులుతుందా లేదా అన్నది తేలేది వాస్తుశిల్పి గీసే నమూనాలో కాదు. అంతకు ముందే, ఎవరు అర్హులో రాసుకునే జాబితాలో తేలిపోతుంది. ఆ జాబితా మనిషిని ఒకే ఒక్క గడిలో నింపుతుంది. 1956లో ఆ గడి మాతృభాషది, ఇప్పుడు నగరంలో అది కాగితానిది. జనగణనవాళ్లు మాతృభాషతో పాటు తెలిసిన ఇంకో రెండు భాషలూ రాసుకుంటారు గానీ, ఆ రెండు గడులను బట్టి ఎవరూ సరిహద్దు గీయలేదు. పునరాభివృద్ధి సర్వేలోనూ అంతే. మనిషి అక్కడ ఎన్నేళ్లు బతికాడు, ఏ పని చేశాడు, ఎవరి పక్కన చేశాడు అన్నవి తెలిసినా, లెక్కకు వచ్చేది కిరాయి రసీదు ఒక్కటే.

తెలుగువాళ్లకు ఈ మాట చెప్పడానికి ముంబయిలోని కామాటిపుర కన్నా దగ్గరి ఉదాహరణ లేదు. పద్దెనిమిదో శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేసి సముద్రపు పోటును ఆపాక, బొంబాయి దీవుల నడుమ చిత్తడి నేలలు క్రమంగా పూడాయి. ఆ పూడిక నేలలో గుడిసెలు వేసుకున్నది నిజాం రాజ్యం నుంచి రాళ్లు కొట్టడానికి, మట్టి మోయడానికి, గోడలు కట్టడానికి వెళ్లిన తెలుగు కూలీలు. కామాటీలని పిలిచేవాళ్లు కాబట్టి వాడకు ఆ పేరే వచ్చింది. హైదరాబాద్ పాతబస్తీలోనూ ఒక కామాటిపుర ఉందన్న సంగతి చాలామందికి తెలుసు, రెండు పేర్లూ ఒకే రకం చెమట నుంచి పుట్టాయన్నది మాత్రం తక్కువమందికి తడుతుంది. బొంబాయి రోడ్లలో, రేవుల్లో, పెద్ద పెద్ద రాతి కట్టడాల్లో ఆ చేతుల పని ఉంది. వాళ్లలో కొందరు కాంట్రాక్టర్లుగా ఎదిగారు. 1873లో జోతిరావ్ ఫూలే పెట్టిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ లాంటి తెలుగువాళ్లు ఉన్నారు. కూలి చేసుకోవడానికి పోయినవాళ్లు నగరాన్ని కట్టడంతో ఆగలేదు, ఆ నగరపు ఆలోచనలోనూ పాలుపంచుకున్నారు. తెలుగునాట పాఠ్యపుస్తకాల్లో ఈ చరిత్రకు తగిన చోటు దక్కకపోవడం నన్ను బాధిస్తుంది.

ఆ తర్వాత ఆ పేరుకు ఏమైందో అందరికీ తెలుసు. వలస పాలకులు పోలీసు నిఘాకు వీలుగా వేశ్యావృత్తిని కొన్ని వీధులకు కట్టడి చేసినప్పుడు ఆ వీధుల్లో కామాటిపురవి ముఖ్యమైనవి. నూరేళ్లు తిరిగేసరికి దేశమంతటా ఆ పేరు ఒక్క పనికే గుర్తుగా మిగిలింది. పన్నెండుకు మించిన గల్లీల్లో సంచులు కుట్టే కార్ఖానాలు, జరీ పని చేసే గదులు, ఇనుప సామాన్ల దుకాణాలు, గుళ్లు, మసీదులు, బడికి పోయే పిల్లలు ఉన్నా బయటివాళ్లకు కనబడింది రెండు మూడు గల్లీలే. 2022లో గంగూబాయి కాఠియావాడీ సినిమా వచ్చినప్పుడు, కామాటిపుర పేరు వాడితే తమ వాడంతటికీ మచ్చ పడుతుందంటూ స్థానిక ఎమ్మెల్యే అమీన్ పటేల్, అక్కడి నివాసి ఒకరు బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది. ఆ తీర్పు తప్పో ఒప్పో ఇక్కడ చర్చించను. కానీ ఆ వివాదం నుంచి గమనించాల్సింది ఒకటుంది. ఒక చోటుకు అంటగట్టిన చెడ్డపేరు ఆ చోటును ఖాళీ చేయించడానికి చాలా పనికొస్తుంది. 'ఎలాంటి వాడో చూశారుగా, కూల్చితే మంచిదేగా' అనడానికి వీలిస్తుంది. మురికివాడ, ఆక్రమణ, రెడ్‌లైట్ ఏరియా లాంటి మాటలు అధికారుల నోట వినబడ్డప్పుడల్లా నేను ఒక్క క్షణం ఆగి, ఈ మాట వెనక ఎవరి గదికి తాళం పడబోతోంది అని వెతుకుతాను.

కామాటిపుర కట్టడాలు పాడుపడ్డాయన్నది మాత్రం అబద్ధం కాదు. 1947 నాటి కిరాయి చట్టం కిరాయిలను 1940 నాటి మట్టం దగ్గర బిగించింది. పేదవాడికి నగరంలో చోటు నిలిపిన చట్టమది, దానికి ఆ గౌరవం దక్కాలి. అయితే నెలకు వచ్చే నాలుగు రూపాయలతో ఇంటి ఓనరు గోడకు సున్నం కూడా వేయించడు. గది చేతులు మారినప్పుడు ముట్టే పగిడీ సొమ్ము తీసుకుని ఊరుకుంటాడు. అందుకే 1969లో మరమ్మతుల బోర్డు పెట్టి, పాత ఇళ్ల నుంచి సెస్సు వసూలు చేసి బాగుచేయించే ఏర్పాటు జరిగింది. ఆ బోర్డు తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా కిందికి వచ్చింది. మరమ్మతులు శిథిలాల వేగాన్ని అందుకోలేదు. ఇప్పుడు అదే మ్హాడా, 34 ఎకరాల కామాటిపురను ఒకేసారి పడగొట్టి సమూహ పునరాభివృద్ధి కింద మళ్లీ కట్టే పథకం చేపట్టింది. పాత కిరాయిదారుకు 500 చదరపు అడుగుల ఇల్లు ఉచితమంటున్నారు. ఇంటి ఓనర్లకు వాళ్ల జాగా కొలతను బట్టి ఫ్లాట్లు ఇస్తారు. మిగిలిన చోట టవర్లు లేస్తాయి, వాటిని అమ్మగా వచ్చిన డబ్బు ఖర్చుకు సరిపోతుంది. లెక్కలోకి వచ్చిన కిరాయిదారులు 8 వేల పైచిలుకు. నూరు చదరపు అడుగుల గదిలో ఆరుగురు పడుకునే కుటుంబానికి ఈ ఇల్లు తక్కువ వరం కాదు, వాళ్ల సంతోషాన్ని ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు.

నా ప్రశ్న ఆ 8 వేల పైచిలుకు లెక్కకు అవతల ఉన్నవాళ్ల గురించి. సంచులు కుట్టే కార్ఖానాలో పొద్దంతా పనిచేసి రాత్రి అదే బల్ల కింద పడుకునే కుర్రాడి పేరు ఏ కిరాయి రసీదులోనూ ఉండదు. రోజుకింత అని మంచానికి కిరాయి కట్టే ఆడమనిషి ముప్ఫై ఏళ్లు అక్కడే బతికినా ఆమె చేతిలో కాగితం ఉండదు. ఆ ఆడవాళ్లలో ఆంధ్ర, తెలంగాణ, ఉత్తర కర్ణాటక పల్లెల నుంచి వెళ్లినవాళ్లు ఎందరో. వాళ్లు కట్టిన కిరాయి మాత్రం కాగితం ఉన్నవాడి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ గది మీద ఎక్కువ డబ్బు పెట్టినవాళ్లకు హక్కు సున్నా, తక్కువ పెట్టినవాళ్లకు 500 చదరపు అడుగులు. ముంబయిలోనే ధారావి బస్తీ పునరాభివృద్ధిలోనూ ఇదే తీరు, కాకపోతే అక్కడ గీతలు ఇంకా బాహాటంగా ఉన్నాయి. 2000 జనవరి 1కి ముందు నుంచి నేలమట్టంలో ఉన్నవాళ్లకు ధారావిలోనే ఉచితంగా ఇల్లు, ఆ తర్వాత 2011 జనవరి 1 లోపు వచ్చినవాళ్లకు ధారావి బయట డబ్బు కట్టి తీసుకునే ఇల్లు, పై అంతస్తులో ఉన్నవాళ్లకు బయటే కిరాయి ఇల్లు. ఒకే గుడిసెలో కింద కాపురమున్నవాడు ధారావి మనిషి, నిచ్చెనెక్కి పైన కాపురమున్నవాడు కాదు! ఆ నిచ్చెన మెట్ల మీద ఒక మనిషి ఊరు తేలిపోవడం ఏ న్యాయశాస్త్రానికీ అందదు. కుమ్మరివాడకు, తోళ్ల పనికి, రీసైక్లింగు గదులకు ప్రాణం పోసేది ఆ పై అంతస్తు కుర్రాళ్లే. వాళ్లను ఉప్పు మడుల పక్కకు పంపి కింద గదిని మిగిల్చితే మిగిలేది నివాసమే, పని ఉండదు.

ఈ వాదనకు వచ్చే మొదటి అభ్యంతరం బలమైనది, దాన్ని తప్పించుకుపోకూడదు. పాత గోడలు చంపుతాయి. 2017 ఆగస్టు 31న కామాటిపురకు దగ్గర్లోనే ఉన్న భేండీ బజారులో హుసేనీ భవనం కూలి 33 మంది చనిపోయారు. ఆ భవనం అప్పటికే పునరాభివృద్ధి పథకంలో ఉంది. ఖాళీ చేయించడంలో జరిగిన ఆలస్యమే ప్రాణాలు తీసిందని వాదించేవాళ్ల మాట నేను తోసిపుచ్చను. పాత వాడ అందాన్ని పొగడుతూ, అక్కడి మెట్ల మీద రోజూ ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఎక్కేవాళ్లను అలాగే ఉండమనడం క్రూరత్వం. కట్టక తప్పదు, పడగొట్టక తప్పదు. అయితే భేండీ బజారు అనుభవంలోనే దానికి జవాబు కూడా ఉంది. అక్కడ పనిని నెత్తికెత్తుకున్నది దావూదీ బోహ్రా సమాజం పెట్టిన సైఫీ బుర్హానీ ట్రస్టు. 16 ఎకరాల పైచిలుకు చోటు, దాదాపు 250 భవనాలు, 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు. కుటుంబాలతో పాటు దుకాణాలనూ మొదటి రోజు నుంచే లెక్కలో పెట్టారు, అంగడి పెట్టుకున్నవాడికి అక్కడే అంగడి ఇస్తామన్నారు. ఆ పథకంలో లోపాలు లేవనను, ఆలస్యాలు బోలెడు. ఒక మతసమాజానికున్న డబ్బు, కట్టుబాటు వేరేవాళ్లకు ఉండవన్నదీ నిజం. కానీ చోటంటే ఇల్లూ పనీ కలిసినదని ఒప్పుకుని మొదలుపెట్టవచ్చని అది చూపించింది. వర్లీలో బ్రిటిష్ కాలపు బీడీడీ చాళ్ల సంగతీ చూడాలి. మిల్లు కార్మికులు తరాల తరబడి 160 చదరపు అడుగుల గదుల్లో బతికిన చోటే, 2025 ఆగస్టు 14న మొదటి విడతగా 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళాలు ఇచ్చారు. అదే వాడలో, 500 చదరపు అడుగుల్లో. ఉన్నచోటే కట్టడం కుదరదనేవాళ్లకు ఆ టవర్లే జవాబు.

రెండో అభ్యంతరం ఇంకా లోతుకు పోతుంది. కామాటీలే వలస వచ్చినవాళ్లు, ఇప్పుడు ఆ వాడలో తెలుగువాళ్లు తక్కువ, బెంగాలీలూ ఉత్తరాదివాళ్లూ ఎక్కువ, ఇంక 'మా చోటు' అనే హక్కు ఎవరిది అని అడుగుతారు. సరైన ప్రశ్నే. నా జవాబు ఔరాద్ నుంచి వస్తుంది. తాతల భాషను బట్టి చోటు హక్కు తేల్చాలంటే ఔరాద్ తాలూకాలో ప్రతి గ్రామానికీ మూడు రాష్ట్రాలు పోట్లాడుకోవాలి. 2022 డిసెంబరులో మహారాష్ట్ర శాసనసభ 865 ఊళ్లు తమవేనని తీర్మానం చేసినప్పుడు ఆ లెక్కలో బీదర్, భాల్కి కూడా ఉన్నాయి, కర్ణాటక అంతే గట్టిగా ఒక్క అంగుళం ఇవ్వమంది. ఆ పోరులో మహారాష్ట్రవైపు దెగ్లూరు సంతకు పోయి నారాయణఖేడ్‌లో పిల్లనిచ్చుకునే మనిషి గొంతు ఎక్కడా వినబడదు. అందుకే నేను కామాటిపుర తెలుగువాళ్లదని అనను. రెండు వందల ఏళ్ల కింద చిత్తడిని పూడ్చినవాడికి ఎంత హక్కు ఉందో, నిన్నటిదాకా ఆ గల్లీలో సంచి కుట్టిన బెంగాలీ కుర్రాడికీ అంతే ఉంది. హక్కు పుట్టేది బతికిన బతుకులోంచి, చేసిన పనిలోంచి. తెలుగువాళ్లు అక్కడికి మొదట వచ్చారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాల్సిన బాధ్యత మాత్రం మనదే. కాగితం లేకుండా చోటు కట్టుకున్నవాళ్ల వారసులం మనం.

ఇదే అభ్యంతరానికి ఒక ప్రమాదకరమైన రూపం ఉంది, 'మీకు మీ ఊరుందిగా' అన్నది. 1981 జులైలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద, బస్తీల్లో ఉన్నవాళ్లను సొంతూళ్లకు పంపిస్తామని ప్రకటించారు. వానల్లో గుడిసెలు పీకి జనాన్ని బస్సులెక్కించారు. దాని మీద నడిచిన ఓల్గా టెల్లిస్ కేసులో 1985 జులై 10న సుప్రీంకోర్టు, జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఫుట్‌పాత్ మీదివాడు అక్కడే ఎందుకున్నాడంటే పని అక్కడ ఉంది కాబట్టి, చోటు పోతే పని పోతుంది, పని పోతే బతుకు పోతుంది అని కోర్టు ఒప్పుకుంది. చివరికి నోటీసు ఇచ్చి ఖాళీ చేయించవచ్చనే అంది, ఆ సగం న్యాయం ఇవాళ్టికీ నన్ను కలవరపెడుతుంది. ఆ 'సొంతూరు' ఏమిటో నగరం ఎప్పుడూ చూడదు. రైలు మార్గం లేని, వాన మీద ఆధారపడిన కంది, పెసర, సోయా చేలున్న ఔరాద్‌లాంటి తాలూకాలే ఆ సొంతూళ్లు. హైదరాబాద్, పుణె, ముంబయిల్లో కట్టడం పనికి పోయే మనిషి ఊళ్లో చాలక పోయాడు. అతన్ని వెనక్కి పంపడమంటే నగరం తన కిరాయి భారాన్ని పల్లె నెత్తిన పెట్టడమే. 371జె అధికరణం 2012లో రాజ్యాంగ సవరణగా వచ్చి ఈ ప్రాంతానికి ఉద్యోగాల్లో, చదువుల్లో ప్రత్యేక వాటా ఇచ్చింది, 2019లో హైదరాబాద్ కర్ణాటక పేరు కళ్యాణ కర్ణాటకగా మారింది. పేరు మారిన మాట నిజం, వలస బస్సు మాత్రం ఆగలేదు.

మన దగ్గరి నగరం హైదరాబాద్ ఈ విషయంలో రెండు దారులూ తొక్కింది. 2015లో సికింద్రాబాద్ పక్కన బన్సీలాల్‌పేటలో ఐడీహెచ్ కాలనీ పాత ఇళ్లు తీసేసి, ఆ చోటనే 396 రెండు పడకగదుల ఇళ్లు కట్టి అక్కడివాళ్లకే ఇచ్చారు. ఆడవాళ్లు ఇళ్లల్లో పనికి వెళ్లే దారి మారలేదు, పిల్లల బడి మారలేదు. అందరూ మెచ్చుకున్న ఆ నమూనాను తర్వాత కొద్దిచోట్లే పాటించారు, ఎందుకంటే ఉన్నచోట కట్టడం నెమ్మది, చోటు దొరికినచోట కట్టడం వేగం. 2023 జూన్‌లో కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు ప్రారంభించారు. ఇళ్లు గట్టివే, లిఫ్టులున్నాయి, నీళ్లున్నాయి. కానీ కొల్లూరు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సంగారెడ్డి జిల్లాలో ఉంది. నగరం నడిబొడ్డున రోజుకూలి చేసుకునేవాడికి ఆ ఇల్లు రావడమంటే రోజూ రెండు మూడు గంటలు, బస్సు కిరాయి పోవడం. జహీరాబాద్ మీదుగా వలస వచ్చినవాడిని నగరం మళ్లీ వచ్చిన దారినే సగం దూరం వెనక్కి పంపినట్టు పటం చూస్తే అనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ పరిసరాల్లో ఇళ్ల మీద ఆర్‌బీ-ఎక్స్ (నదీగర్భం అన్న అర్థంలో) అని ఎర్రరంగుతో గుర్తులు వేసి, కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్రూం ఇళ్లకు తరలించి, అక్టోబరులో కూల్చివేతలు మొదలుపెట్టారు. నదిని కాపాడాలన్నది నిస్సందేహంగా మంచి పని. 1908 సెప్టెంబరు 28 నాటి వరద వేలమందిని మింగిందని మరచిపోతే మళ్లీ అదే జరుగుతుంది. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రెండు జలాశయాలు వచ్చాయి, 1912లో నగరాభివృద్ధి బోర్డు వచ్చింది. ఆ బోర్డు ఇరుకు వాడలను తీసేయడమే కాకుండా నగరంలోపలే మొహల్లాలు కట్టి కిరాయికి ఇచ్చింది. నది పేరున మనుషులను నగరం అంచుకు విసరడం తప్పనిసరి కాదని నూరేళ్ల కిందటి హైదరాబాదే నేర్పింది.

ఇక డబ్బు సంగతి. అమ్ముకునే టవర్లు లేకపోతే ఉచిత ఇళ్లు ఎవరు కట్టిస్తారని అడిగితే, ప్రభుత్వ ఖజానా ఒక్కటే కట్టలేదన్నది నేనూ ఒప్పుకుంటాను. అయితే దక్షిణ ముంబయిలో ఎకరం విలువ ఎంతో లెక్కకట్టేది ఆ నేల ఉన్న చోటును బట్టి. ఆ చోటుకు విలువ తెచ్చిందెవరు? చిత్తడి పూడ్చినవాళ్లు, రోడ్డు వేసినవాళ్లు, అర్ధరాత్రి దాకా అంగళ్లు తెరిచి సందడి నింపినవాళ్లు. ఆ విలువలో వాళ్ల వాటా అడగడం దానం అడగడం కాదు. ఇంకొక ఖర్చు గురించి పథకాలు పెద్దగా మాట్లాడవు. నలభై అంతస్తుల టవర్‌లో లిఫ్టుకు, పంపుకు, కాపలాకు నెలనెలా పడే మెయింటెనెన్స్ అది. మొదటి కొన్నేళ్లు దానికోసం పక్కనపెట్టిన నిధి నుంచి గడిచినా, ఆ తర్వాత ఆ బిల్లు కట్టలేక ఇల్లు అమ్ముకుని శివారుకు పోయేవాళ్లు ఉంటారు. బుల్డోజరు రాకుండానే వాడ ఖాళీ అవుతుంది, దాన్ని ఏ లెక్కా నిర్వాసనగా రాయదు. ఈ నిధి ఎన్నేళ్లకు సరిపోతుందో తాళాలివ్వక ముందే రాతపూర్వకంగా చెప్పించుకోవాలి.

కాగితం లేనివాళ్లను లెక్కపెట్టడం ఎలా అన్న ఇబ్బందికి మన చట్టాల్లోనే దారి ఉంది. 2013 భూసేకరణ చట్టం, భూమి సొంతం కాకపోయినా సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ చోటే ప్రధాన బతుకుదెరువుగా ఉన్న కిరాయిదారులను, కూలీలను, చేతిపనివాళ్లను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తిస్తుంది. సమూహ పునరాభివృద్ధికి ఆ చట్టం నేరుగా వర్తించకపోవచ్చు. కానీ సొంతదారు కానివాడికీ నష్టం జరుగుతుందని పార్లమెంటు ఒప్పుకున్నాక, ఒక గృహనిర్మాణ సంస్థ ఒప్పుకోకపోవడానికి కారణం కనబడదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూల్చివేతలకు కనీసం 15 రోజుల నోటీసు ఉండాలనీ, అధికారులు సొంతంగా జవాబుదారీ కావాలనీ చెప్పింది. నోటీసు ఎవరి పేర ఇస్తారన్నదే మళ్లీ జాబితా ప్రశ్న. పేరు జాబితాలో లేనివాడికి నోటీసు రాదు, నోటీసు రానివాడికి కోర్టు లేదు.

అందుకే ముంబయి తెలుగు సంఘాలకు, హైదరాబాద్ బస్తీ కమిటీలకు, ఈ వ్యాసం చదువుతున్న మీకూ నాదొక్క విన్నపం. కామాటిపుర పేరు నిలవాలని వినతిపత్రం రాసేముందు కామాటిపుర అర్హుల జాబితా అడగండి. అది మరాఠీలోనే కాక హిందీ, తెలుగు, కన్నడం, బెంగాలీల్లో ప్రతి గల్లీ మొదట్లో గోడకు అంటించమని అడగండి. రోజుకిరాయి కట్టే ఆడవాళ్లకు, కార్ఖానాల్లో పడుకునే కుర్రాళ్లకు ఆ వాడలోనే ప్రభుత్వ కిరాయి గదులు కొన్నయినా కట్టమని, కట్టే ఏళ్లలో వాళ్లను నడిచిపోయే దూరంలో ఉంచమని అడగండి. టెండరు ఖరారయ్యాక ఈ ప్రశ్నలు అడిగితే జవాబు చెప్పేవాడు ఉండడు.